హాలీ సిక్కా, ఇరాక్ దీనారు: పెన్షనరుకు ఒక లెక్క

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మన పండుగ. 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, పెన్షను యజమాని దయతో వేసే భిక్ష కాదని, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని స్పష్టం చేసింది. ఏటా ఈ వేదిక మీద కరువు భత్యం బకాయిల గురించి, వైద్య సౌకర్యాల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శిగారు నన్ను ఇరాక్ దేశపు దీనారు గురించి మాట్లాడమన్నారు. హనుమకొండలో కూర్చున్న మనకు బాగ్దాద్‌తో ఏం పని అని కొందరు నవ్వుకోవచ్చు. పని ఉన్నది కనుకనే నిలబడ్డాను.

మన సభ్యులలో ఒకరు, పేరు చెప్పవద్దన్న షరతు మీద చెప్పుకొమ్మన్నారు, ఆరు నెలల క్రితం ఒక కవరు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. బ్యాంకులో విదేశీ మారకం పని చూసినవాణ్ణి కదా అని నా దగ్గరికి వచ్చారు. కవరులో మూడు నోట్లు. రెండు ఇరాక్ 25 వేల దీనార్లవి. మూడవది సద్దాం హుసేన్ బొమ్మ ఉన్న 10 వేల దీనార్లది. మూడింటికి కలిపి తెలిసినవారికి 24 వేల రూపాయలు ఇచ్చారట. ఇరాక్‌లో సంస్కరణలు వస్తున్నాయి, రేపో మాపో దీనారు విలువ డాలరుతో సమానం చేస్తారు, అప్పుడు ఒక్కొక్క నోటుకు 20 లక్షలు వస్తాయి అని చెప్పారట. అబ్బాయి రోజూ రాత్రి బాగ్దాద్ వార్తలు చదివి వినిపిస్తున్నాడట. ఆయన నన్ను అడిగింది ఒకటే. "ఇంటామె పేరు మీద ఉన్న ఫిక్సెడ్ డిపాజిట్టు తీసి ఇంకో ఇరవై నోట్లు కొంటే ఎట్లుంటది?"

ఆయన చదువులేనివారు కాదు, అత్యాశాపరుడూ కాదు. మనవరాలి పెళ్లి ముందున్నది. ఆ ప్రశ్నకు నేనిచ్చిన జవాబే ఈనాటి నా ప్రసంగం.

ముందు మన ఊరి సంగతి చెబుతాను. ఎనభై దాటినవారికి హాలీ సిక్కా గురించి వివరించనక్కరలేదు. చిన్నవారి కోసం రెండు మాటలు. నిజాం రాష్ట్రానికి సొంత నాణెం ఉండేది. 1918 నుంచి సొంత కాగితపు నోట్లు కూడా వచ్చాయి. మనవాళ్లు దానిని హాలీ అనేవారు, బ్రిటిషిండియా రూపాయిని కల్దారు అనేవారు. లెక్క ఏడుకు ఆరు. అంటే నూరు కల్దారు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ ఇవ్వాలి. వరంగల్ నుంచి బెజవాడకు పోయే సరుకుకు, అక్కడి నుంచి వచ్చే సరుకుకు రెండు నాణేల లెక్క తప్పేది కాదు. మా నాన్నగారు వరంగల్ గంజిలో ఒక అడితి దుకాణంలో గుమాస్తా. ఏడుకు ఆరు లెక్క ఆయనకు ఎక్కంలాగా నోటికి వచ్చేది.

1947 నవంబర్ 29న నిజాం ప్రభుత్వానికి, ఢిల్లీకి మధ్య యథాతథ ఒడంబడిక జరిగింది. కొద్ది రోజులకే భారత రూపాయి ఈ రాష్ట్రంలో చెల్లదని నిజాం ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చిన సంగతి కూడా బయటపడింది. ఢిల్లీతో రాయబారాలు ఒకరోజు ఫలించాయనేవారు, ఒకరోజు బెడిసికొట్టాయనేవారు. రేడియోలో వార్త వచ్చిన ప్రతిసారీ గంజిలో వట్టం మారేదని మా నాన్నగారు చెప్పేవారు. హాలీ రేపు చిత్తుకాగితం అని పుకారు లేపి, భయపడ్డవాళ్ల దగ్గర తక్కువకు కొన్నవారూ ఉన్నారట. వార్త వినేది అందరూనూ, లాభపడేది మాత్రం అమ్మకం, కొనుగోలు రెండూ చేతిలో ఉన్నవాడేనని ఆయన అనేవారు.

1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు పోలీసు చర్య జరిగింది. ప్రభుత్వం మారింది. హాలీ మాత్రం చిత్తుకాగితం కాలేదు. 1950లో భారత రూపాయి పక్కపక్కనే చెలామణీలోకి వచ్చినప్పుడు కూడా పాత లెక్కనే ఒప్పుకున్నారు, ఏడుకు ఆరు. 1951తో హాలీ జారీ ఆగిపోయింది. 1959 నాటికి పూర్తిగా రద్దయింది. హాలీలో 70 రూపాయలు ఉన్నవారికి 60 భారత రూపాయలు దక్కాయి. ఓపిక పట్టినవారికి నష్టం రాలేదు. ఓపిక పట్టినందుకు పెద్ద లాభమూ రాలేదు.

ఇందులో గమనించవలసినది ఒకటి ఉన్నది. హాలీ పట్టుకున్నవారిని కాపాడింది రేడియో వార్త కాదు. ఈ నోటుకు ఇంత ఇస్తామని సర్కారు బాధ్యత పడ్డది, దర చెప్పింది, మార్చుకునే వీలు కల్పించింది. అది హక్కు. హక్కు ఉన్నచోట ఎదురుచూడడానికి అర్థమున్నది.

ఇప్పుడు ఇరాక్ సంగతికి వద్దాము. దీనారుకు మన రూపాయితో చుట్టరికం ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువారు ఇరాక్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ మన రూపాయినే చెలామణీ చేశారు. 1932లో దాని స్థానంలో దీనారు వచ్చింది. ఒక దీనారుకు 13 రూపాయల 5 అణాల 4 పైలు. 1980లలో కూడా అధికారిక దర ప్రకారం ఒక దీనారుకు మూడు డాలర్లకు పైగా వచ్చేవి. ఈ పాత గొప్పనే ఈనాడు నోట్లు అమ్మేవారు చెప్పుకుంటున్నారు.

1990 తరువాత ఏం జరిగిందో మాత్రం వారు చెప్పరు. కువైట్ ఆక్రమణ మూలంగా ఇరాక్ మీద ఐక్యరాజ్య సమితి ఆంక్షలు పడ్డాయి. ఖజానా ఖాళీ అయితే సద్దాం ప్రభుత్వం సద్దాం బొమ్మతో నాసిరకం నోట్లు గుట్టలుగా అచ్చువేసింది. 1993 మేలో పాత 25 దీనార్ల నోటును రద్దు చేసి, మార్చుకోవడానికి కేవలం ఆరు రోజులు గడువిచ్చి, సరిహద్దులు మూసివేసింది. దేశం బయట ఆ నోట్లు దాచుకున్నవారి చేతిలో కాగితమే మిగిలింది. సద్దాం కూలిపోయాక 2003 అక్టోబర్ 15 నుంచి 2004 జనవరి 15 వరకు గడువు పెట్టి కొత్త నోట్లు ఇచ్చారు. ఆ తేదీ దాటాక సద్దాం బొమ్మ నోటుకు విలువ లేదు. మన మిత్రుని కవరులోని మూడవ నోటు అదే.

ఆ కొత్త నోట్లు కొని ఇళ్లల్లో దాచుకోవడం ముందు అమెరికాలో పెద్ద వ్యాపకంగా మారింది. ఇరాక్‌లో చమురు ఉన్నది, శాంతి వస్తే దీనారు పాత విలువకు లేస్తుందని వారి ఆశ. అప్పటి నుంచి బాగ్దాద్ పార్లమెంటులో ఎవరు తుమ్మినా వారికి శకునమే.

ఒక్క 2015 సంవత్సరమే చూడండి. ఎండలు మండుతుంటే కరెంటు లేక జనం వీధుల్లోకి వచ్చారు. ప్రధాని హైదర్ అల్ అబాదీ సంస్కరణల పట్టిక ప్రకటించారు. ఉపరాష్ట్రపతుల, ఉపప్రధానుల పదవులు రద్దు, అవినీతి మీద విచారణ. ఆగస్టు 11న పార్లమెంటు ఆమోదించింది. నోట్లు దాచుకున్నవారు ఇక వారంలో విలువ పెరుగుతుందని లెక్కలు వేసుకున్నారు. నవంబరులో అదే పార్లమెంటు ప్రధాని ఏకపక్షంగా సంస్కరణలు చేయరాదని అడ్డుపడింది. 2016 ఏప్రిల్ 30న ఆందోళనకారులు పార్లమెంటు భవనంలోకే చొరబడ్డారు. ఆ అక్టోబరులో ఉపరాష్ట్రపతి పదవుల రద్దు చెల్లదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. కరెంటు కోసం, ఉద్యోగాల కోసం రోడ్డెక్కిన ఇరాకీల బాధ నిజమైనది. మన మధ్య ఆ వార్త చదివేవారికి మాత్రం అది తమ బీరువాలోని నోటు జాతకం.

ఇంతకూ ఆ సంవత్సరాలలో దీనారు ఏమైంది? 2015లో డాలరుకు దాదాపు 1,190 దీనార్లు ఉండేవి. 2020 డిసెంబరులో ఇరాక్ ప్రభుత్వమే విలువ తగ్గించి డాలరుకు 1,450 పైకి తీసుకుపోయింది. 2023 ఫిబ్రవరిలో కొంచెం పెంచి 1,300 చేసింది. ఆనాడు విలువ పెరిగిందోచ్ అని సంబరపడ్డవారున్నారు. 25 వేల నోటుకు 17 డాలర్లు వచ్చేచోట 19 డాలర్లయ్యాయి, అంతే. మన రూపాయలలో పదహారు, పదిహేడు వందలు. మన మిత్రుడు 24 వేలు పోసి కొన్న కవరు విలువ అధికారిక దరనే చూసుకున్నా మూడున్నర వేలు దాటదు. అదైనా కొనేవాడు దొరికితేనే.

అమ్మేవారు చెప్పే పెద్ద ఉదాహరణ కువైట్. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాక కువైట్ దీనారును ఇరాక్ దీనారుతో సమానం చేసి, తరువాత చెల్లకుండా చేశారు. అప్పుడు అక్కడున్న లక్షకు పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాలలో బొంబాయి చేరారు. వారిలో మన తెలుగువారు ఎందరో. సంవత్సరాల కష్టం కువైట్ నోట్ల రూపంలో సంచిలో ఉన్నా కొనేవాడు లేడు. 1991లో కువైట్ విముక్తి పొంది కొత్త నోట్లు తెచ్చింది. పాతవాటికి మార్పిడి ఇచ్చినా, బ్యాంకులోంచి దోచుకుపోయిన వరుస నంబర్ల నోట్లు చెల్లవన్నది. కువైట్ దీనారు తిరిగి లేచిన మాట నిజమే. కాని అది తన యుద్ధపూర్వపు విలువకు వచ్చింది. చిన్న దేశం, విదేశాలలో అపారమైన పెట్టుబడులు, పరిమితమైన నోట్లు. ఇచ్చిన మాట నిలబెట్టుకునే శక్తి ఉన్నది కనుక నిలబెట్టుకున్నది.

ఇరాక్ లెక్క వేరు. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ చెలామణీలో ఉన్న నోట్లు 80 లక్షల కోట్ల దీనార్లకు పైమాటే. ఒక దీనారు ఒక డాలరయితే ఆ నోట్ల విలువ 80 లక్షల కోట్ల డాలర్లు. ప్రపంచంలోని దేశాలన్నీ కలిసి ఏడాది పొడుగునా పండించి, తయారుచేసి సంపాదించేది సుమారు 100 లక్షల కోట్ల డాలర్లు. ఇరాక్ చమురు ఎంత ఉన్నా అంత సొమ్ము ఎవరివ్వాలి, ఎక్కడి నుంచి ఇవ్వాలి? మన పదో తరగతి మనవడు చేయగల లెక్క ఇది.

ఇంకొక మాట కూడా చెబుతారు. ఇరాక్ మూడు సున్నాలు తీసేస్తుందని. ఆ ఆలోచన అక్కడి కేంద్ర బ్యాంకు ఎన్నో ఏళ్ల క్రితమే చేసింది. తీసేస్తే ఏమవుతుంది? 25 వేల నోటు ఇచ్చి 25 కొత్త దీనార్లు తీసుకోవాలి. 2005లో టర్కీ ఆరు సున్నాలు తీసింది, పది లక్షల పాత లీరాలకు ఒక కొత్త లీరా ఇచ్చింది. ఎవరూ ధనవంతులు కాలేదు. ఏడు హాలీ ఇచ్చి ఆరు రూపాయలు తీసుకున్న మన పెద్దలు కూడా కాలేదు. అంకె మారింది, విలువ మారలేదు.

అమెరికాలో దీనార్ల పేరుతో మోసం చేసినవారికి అక్కడి కోర్టులు శిక్షలు వేశాయి. అట్లాంటాలోని ఒక్క సంస్థ అమ్మకాలే 60 కోట్ల డాలర్లు దాటాయంటే ఎందరి పొదుపు అందులో పోయిందో ఊహించుకోండి.

అందుచేత మిత్రులారా, ఎవరైనా విదేశీ నోటు తెచ్చి చూపితే మూడు ప్రశ్నలు వేయండి. ఒకటి, ఈ నోటుకు ఇంత ఇస్తానని ఏ ప్రభుత్వం, ఏ తేదీన, ఏ దరకు రాసి ఇచ్చింది? రెండు, రేపు ఉదయం నాకు డబ్బు అవసరమైతే వరంగల్‌లో ఏ బ్యాంకు కౌంటరులో దీనిని తీసుకుంటారు? మూడు, అంత లాభం వచ్చేదే అయితే నువ్వెందుకు అమ్ముతున్నావు? మూడవ ప్రశ్నకు ఇంతవరకు సరైన జవాబు నేను వినలేదు. పైగా మన దేశంలో విదేశీ కరెన్సీ కొనవలసింది రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్నవారి దగ్గరే. చేతిమార్పు బేరానికి రసీదు ఉండదు. రసీదు లేనిచోట ఫిర్యాదుకు బలముండదు.

కొడుకులకు, కోడళ్లకు, అల్లుళ్లకు ఒక మనవి. నాన్న ఇలాంటి నోటు కొన్నాడని తెలిస్తే నలుగురిలో కోప్పడకండి. సిగ్గుపడ్డ మనిషి రెండోసారి మీకు చెప్పడు, పోయినది రాబట్టాలని ఇంకా కొంటాడు. పక్కన కూర్చుని కాగితం మీద లెక్క వేయండి. ముసలితనంలో మనిషికి డబ్బు కంటే "నేనింకా ఇంటికి ఏదైనా చేయగలను" అన్న ఆశ ఎక్కువ. ఆ ఆశనే ఈ అమ్మకందార్లు కొలిచి కొంటున్నారు.

మన మిత్రుడు డిపాజిట్టు కదపలేదు. ఆ సొమ్ము ఇంటామె పేరు మీదనే పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ పథకంలో వేశారు. 2023 ఏప్రిల్‌లో ఆ పథకానికి 8.2 శాతం వడ్డీ నిర్ణయించారు. లక్షకు మూడు నెలలకొకసారి 2,050 రూపాయలు చేతికి వస్తాయి. అందులో వార్తలకోసం ఎదురుచూడవలసిన పనిలేదు. మూడు నోట్లు మాత్రం ఇంకా బీరువాలోనే ఉన్నాయి. అవి పారెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు, నేనూ బలవంతం చేయలేదు.

మన పెన్షను ఎవరో ఊహించి చెప్పిన ధర కాదు. చట్టం రాసి ఇచ్చినది, కోర్టు నిలబెట్టినది, నెల మొదట్లో ఖాతాలో పడేది. దానిని సంపాదించడానికి మనకు ముప్పై ఏళ్లు పట్టింది. దానిని ఇంకొకరి గాలివార్తకు మార్చుకోవద్దని చేతులెత్తి కోరుతున్నాను.