పాత కారు ఇంజనులో చప్పుడు - ఎక్కడిదో పట్టుకొనే పద్ధతి

(కలిదిండిలో పాల సంఘాల కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సమావేశంలో కారు గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. పశువుల డాక్టరుగారిని తీసుకురావాలన్నా, పరీక్ష సామాను చేరవేయాలన్నా పాత అంబాసిడర్ల మీద ఆధారపడిన సంఘాలు మన ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు మన చేతిలో ఉన్నవన్నీ ముసలి బండ్లే. ముసలి బండి అన్నాక ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉంటుంది. ఏ చప్పుడుకు భయపడాలి, దేనికి అక్కర లేదు అన్నదే ఈనాటి విషయం.

గేదె మేత మానిందని కబురు పెడితే డాక్టరుగారు వచ్చీ రాగానే సూది వేయరు. ఎప్పటి నుంచి, పేడ ఎలా వేస్తోంది, నెమరు వేస్తోందా అని అడుగుతారు. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి పొట్ట కదలిక కోసం ఓపికగా నిలబడతారు. ఇంజను దగ్గర కూడా ముందు కావలసింది ఈ ఓపికే. చప్పుడు చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? నిలిచి ఉన్నప్పుడా, పరుగులోనా? రేజ్ చేస్తే పెరుగుతోందా, పోతోందా? ఈ మూడింటికి జవాబు లేకుండా స్పానరు పట్టవద్దు.

ఒక సంఘం కారు సంగతి చెబుతాను. ఉదయం బయలుదేరేటప్పుడు ఏమీ ఉండదు. నాలుగు ఊళ్ళు తిరిగి వచ్చేసరికి, స్లోలో నిలబెడితే ముందు భాగంలో గరగరమంటూ మధ్యమధ్య టక్ టక్‌మని కొట్టుకొనేది. ఒక షెడ్డులో చూపిస్తే, వేడెక్కాక వచ్చే చప్పుడు కనుక బిగ్ ఎండ్ బేరింగులు పోయాయి, ఇంజను దించి క్రాంకు సాపు చేయించాలి అన్నారు. మాట పూర్తిగా అర్థం లేనిది కాదు. వేడికి ఆయిలు పలచబడినప్పుడు అరిగిన బేరింగు కొట్టుకోవడం నిజమే. అయితే ఇంజను దించాలంటే ఎంత ఖర్చో మీకు తెలుసు. పైగా, డ్రైవరు రేజ్ చేసి చేసి పాడు చేశాడని, అతన్ని మాన్పించాలని కమిటీలో మాట వచ్చింది. ఆ కుర్రవాడికి అదే జీవనాధారం.

బండి నా దగ్గరకు తెచ్చినప్పుడు ముందు ఇంజనును వేడెక్కనిచ్చాం. చప్పుడు మొదలైంది. ఆయిలు ప్రెషరు సరిగానే ఉంది. తరువాత ఇంజను ఆపి ఒక ప్లగ్గు వైరు తీయడం, మళ్ళీ స్టార్టు చేసి వినడం, ఇలా నాలుగు సిలిండర్లకూ చేశాం. బిగ్ ఎండ్ పోయి ఉంటే ఆ సిలిండరు మంట ఆగగానే దెబ్బ తగ్గాలి. ఏ వైరు తీసినా చప్పుడులో మార్పు లేదు. (ఈ పద్ధతి పెట్రోలు బండికే. డీజిలులో ఇంజెక్టరు పైపు వదులు చేసి చూస్తారు. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అది తెలిసిన మెకానిక్కుకే వదలండి.)

టాపెట్లేమో అనుకుందామా? క్యాం షాఫ్టు క్రాంకు వేగంలో సగమే తిరుగుతుంది కనుక టాపెట్ల చప్పుడు పైకవరు కింద నుంచి సన్నగా, ఆ సగం తాళంలో వినిపిస్తుంది. ఇది అలా లేదు. పొడుగాటి స్క్రూ డ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటూ ముందుకు వచ్చాం. వాటర్ పంపు దగ్గర చెవి అదిరిపోయింది. ఇంజను ఆపి, ఫ్యాను బెల్టు తీసేసి, నిమిషం లోపు మాత్రమే నడిపాం. చప్పుడు లేదు! బెల్టు లేకుండా అంతకన్నా ఎక్కువ నడపకూడదు, నీరు తిరగదు.

ఇక మిగిలినవి పంపు, డైనమో రెండే. డైనమో చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది. ఫ్యాను రెక్క పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే పంపు షాఫ్టు లొడలొడలాడింది. పంపు అడుగున చిన్న రంధ్రం చుట్టూ తుప్పు చార. సీలు పోయి నీరు బేరింగులోకి చేరి గ్రీజును కడిగేసింది.

పంపు మార్చి ఊరుకుంటే సగం పనే. సీలు ఎందుకు పోయింది? రేడియేటరులో దారిపక్క దొరికిన నీళ్ళు పోస్తున్నారు. ఉప్పుటేరు కొల్లేటిని సముద్రంతో కలుపుతుంది, ఎండాకాలం పోటు నీరు ఎగదన్నుతుంది. మన వైపు బోర్లలో ఉప్పు రుచి మీకు చెప్పాలా? చెరువు గట్టు మీద తాగని నీళ్ళు బండికి మాత్రం పోస్తాం. దానికి తోడు ఎవరో బెల్టును వీణ తీగలా బిగించారు. వేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. ఆ బిగువు భారం పంపు బేరింగు మీద పడుతుంది. డ్రైవరు రేజ్ చేయడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని కమిటీకి రాసి ఇచ్చాను. కుర్రవాడు ఉద్యోగంలోనే ఉన్నాడు.

ఒక్క సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అడుగు నుంచి బరువైన దెబ్బలా చప్పుడు వచ్చి, దానితో పాటు ఆయిలు ప్రెషరు పడిపోతే బండిని అక్కడే ఆపి తాడు కట్టి లాక్కురండి. ఇంటిదాకా నడిపితే చిన్న బేరింగుతో పోయేది క్రాంకు దాకా వెళుతుంది.

వినేటప్పుడు కండువా, పంచె కొంగు ఫ్యాను దగ్గరకు పోనీయకండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపకండి, ఆ పొగ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. వేడి మీద రేడియేటరు మూత తీయకండి. పాల పుస్తకం పక్కనే బండికి ఒక పుస్తకం పెట్టి, చప్పుడు వచ్చిన రోజు, వేళ, అప్పటికి నడిచిన దూరం, పోసిన నీరు ఎక్కడిదో డ్రైవరు చేత రాయించండి. షెడ్డుకు వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం కూడా పంపండి.