నాటకము – లోకశిక్షణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున నాటకప్రసక్తి యేల యని కొందరు శంకింపవచ్చును. ఈ రెంటికిని దగ్గరి చుట్టరికము కలదు. తెలుగునాట నూటికి పదిమందికైనను అక్షరజ్ఞానము లేని దినములలో, పుస్తకము చేయవలసిన పనిని రంగస్థలము తన తలకెత్తుకొన్నది. పుస్తకము చదువనేర్చిన వానికే పలుకును. నాటకము కన్నును చెవియు గల ప్రతివానికిని పలుకును.

ఈ భావము పూర్వులిచ్చినదే. వేదాధ్యయనమున కధికారము లేనివారికిని అందవలెనను తలంపుతో నాట్యమను పంచమవేదము పుట్టినదని భరతుని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. ఐరోపాలోను ఇట్టి విశ్వాసమే కానవచ్చును. జర్మను కవి షిల్లరు 1784లో మాన్‌హైము నగరమున నొక ప్రసంగము చేసి, చట్టముల యధికారము ముగిసినచోట రంగస్థలపు న్యాయవిచారణ మొదలగునని వాదించెను. ధర్మాసనము దండింపలేని దోషమును నాటకము నలుగురి యెదుట నిలువబెట్టునని యాయన తాత్పర్యము.

ఆ మాటకు నూరేండ్ల పిమ్మట ఆంధ్రదేశమున లెక్కలతో సహా నిదర్శనము దొరకినది. విజయనగర మహారాజు ఆనందగజపతివారు, విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన శుల్కవివాహముల పట్టికను వ్రాయించిరి. 1034 పెండ్లిండ్లు లెక్కకు వచ్చినవి. అందు అయిదేండ్ల వధువులు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు 3. ఆ పసికందులకు, సంతలో దూడలకు వలె, తలకు 350 మొదలు 400 రూపాయల వరకు వెల కట్టిరి. శుల్కము పుచ్చుకొంటిమని యొప్పుకొనువారు తక్కువ గనుక ఈ లెక్క సమగ్రమును కాదు. మహారాజావారు మద్రాసు శాసనసభ ద్వారా ఈ దురాచారమును మాన్ప యత్నించిరి గాని, ఆ బిల్లు చట్టము కాలేదు. పట్టిక పట్టికగనే యుండిపోయెను.

దానికి ప్రాణము పోసినవారు గురజాడ అప్పారావుగారు. వారి 'కన్యాశుల్కము'ను 1892 ఆగస్టు 13వ తేదీన విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు ప్రదర్శించిరి. 1897 ముద్రణకు వ్రాసిన ఆంగ్ల పీఠికలో అప్పారావుగారు పై యంకెలను పొందుపరచి, జనసామాన్యమునకు పఠనాభ్యాసము కలుగువరకు రంగస్థలమే శరణ్యమను నభిప్రాయమును వెలిబుచ్చిరి.

తొంబదితొమ్మిది యను సంఖ్యను జూచి యెవ్వడును కంటతడి పెట్టడు. సుబ్బి యను నొక్క బిడ్డను ముదుసలియగు లుబ్ధావధానుల కిచ్చుటకు బేరము కుదిరినప్పుడు ప్రేక్షకుని గుండె కదలును. బిడ్డ నమ్మజూపిన అగ్నిహోత్రావధానులు రాక్షసుడు కాడు. వేదము చదివిన గృహస్థు. పెద్ద కుమార్తె బుచ్చమ్మ అప్పటికే వితంతువై యింటనున్నది. కంటియెదుటి ఫలమును చూచియు రెండవ బిడ్డ నదే దారి పట్టింపబూనెను. ప్రేక్షకుడు మొదట నవ్వును. నవ్వు సగములో నుండగనే అది తన యింటి మాటయని తోచును. లోకశిక్షణమనగా నిదియే. ఉపన్యాసముల వలన నిది సాధ్యము కాదు. సంస్కరణోపన్యాసములు దంచు గిరీశమునే కవి వంచకునిగా జూపెను గదా!

ఈ మార్గమునకు ముందుగా బాట వేసినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1880లో 'వ్యవహారధర్మబోధిని'ని రాజమహేంద్రవరమున ప్రదర్శింపజేసి, న్యాయస్థానములను పట్టిన యక్రమములను జనులకు జూపిరి. తెనాలి ప్రాంతమునకును ఈ చరిత్రలో పెద్దపీట కలదు. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు, తెనాలి రామవిలాస సభ నటులై, స్త్రీపాత్రలయందు సాటిలేని ఖ్యాతి గడించి, మధురవాణినిగూడ రంగమున నిలిపిరి. 1956లో పద్మశ్రీ బిరుదమందిరి. తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు 'శంబుకవధ'యందు పురాణకథనే ప్రశ్నగా మార్చిరి. జంపనివారికి తెనాలి పరాయి ఊరు కాదు. ఈ వారసత్వమున జంపనికిని భాగమున్నది.

అయినను నాటకమునకు తీరని లోటొకటి గలదు. తెల్లవారునప్పటికి తెర దిగును. కన్యాశుల్కము అడుగంటుచుండగనే వరశుల్కము తలయెత్తెను. కాళ్లకూరి నారాయణరావుగారు 'వరవిక్రయము' వ్రాసి ఊరూర కన్నీరు పెట్టించిరి. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. నాటకమును వచ్చెను, చట్టమును వచ్చెను. కట్నము మాత్రము పోలేదు. రాత్రి కాళింది కొరకు కన్నీరు కార్చి, ఉదయమున తన కుమారునికి బేరము పెట్టువాడు పాఠము వినలేదనరాదు, విన్నదానిని నిలుపుకొనలేదనవలెను.

నిలుపుటకే గ్రంథాలయము. రాత్రి చూచినదానిని పగలు చదివి, పదిమందితో తర్కించినగాని మనస్సు స్థిరపడదు. ఆ నమ్మకముతోనే 1935లో పాతూరి నాగభూషణముగారు ఈ తెనాలి సీమ కాలువలలో పడవపై పుస్తకములను పల్లెలకు చేర్చిరి. జనులు పుస్తకముకడకు రాకున్న పుస్తకమే జనులకడకు పోవలెనని వారు గ్రహించిరి.

కావున గ్రంథాలయమున నాటకములకొక బీరువా ప్రత్యేకింపవలెను. నెలకొక సాయంకాలము ఒక నాటకమును పాత్రలు పంచుకొని బిగ్గరగా చదువవలెను. చదువురాని తల్లులను, కూలిజనమును ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. చదివిన పిమ్మట, ఆ నాటకములోని దోషము ఈ ఊరిలో నున్నదా యని జంకులేక మాటలాడుకొనవలెను.

పఠనాభ్యాసము 'కలుగువరకు' అని గురజాడవారు రంగస్థలమునకు గడువు పెట్టిరి. ఇరువదియైదేండ్ల యీ గ్రంథాలయము ఆ గడువును కొంతయైనను దగ్గర చేసినదా? ఉత్సవ పందిట పొగడ్తలు దానికి సమాధానము కాజాలవు. పుస్తకములు తీసికొనిపోయినవారి పేళ్లు వ్రాయు రిజిస్టరు తెరచి చూచినచో తెలియును. స్వర్ణోత్సవము నాటికి ఆ రిజిస్టరులో ప్రతి యింటిపేరును కానవచ్చుగాక!