జిజాన్‌లో పెత్తరమాస
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇక్కడే పుట్టి పెరిగిన యువతీయువకులారా, ఈ నాలుగు మాటలు ముఖ్యంగా మీ కోసం. గత భాద్రపదంలో తర్పణాలు ముగిసి అందరూ ప్రసాదానికి కూర్చున్నప్పుడు మీలో ఒకరు నన్ను అడిగారు: "ఆంటీ, మా తాతయ్యను నేను చూడనే లేదు. చూడనివారిని ఎట్లా తలచుకోవాలి?" ఆనాడు నాకు సమాధానం తోచలేదు. నాకు జరిగిన దానిని మాత్రం చెప్పగలను.

2000వ సంవత్సరంలో నేను సౌదీ అరేబియా నైరుతి మూలన, యెమెన్ సరిహద్దుకు చేరువగా, ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్న జిజాన్‌లో వైద్యురాలిగా పనిచేస్తున్నాను. ఆ సెప్టెంబరులో అక్కడ రిఫ్ట్ వ్యాలీ జ్వరం ప్రబలింది. ఆఫ్రికా ప్రాంతం దాటి ఆ వ్యాధి బయటపడడం అదే మొదటిసారి. ముందు గొర్రెలు, మేకలు ఈసుకుపోయాయి. తరువాత వాటి కాపరులు కాలేయం దెబ్బతిని, రక్తస్రావంతో మా వద్దకు రాసాగారు. సరిగ్గా ఆ రోజులలోనే వరంగల్లులో మా నాన్నగారు కన్నుమూశారు. సెలవు దొరకలేదు. దేశం దాటి తిరిగి రావడానికి కావలసిన అనుమతి పత్రం నా చేతికి అందేసరికి పదకొండవ రోజు కూడా గడచిపోయింది. వార్డు నిండా రోగులుండగా ఆ అధికారి స్థానంలో నేనున్నా ఏమి చేసేదాననో చెప్పలేను. అయినా ఆ కాగితం మీద నాకు ఇప్పటికీ కోపమే.

అక్కడ మనకు ఆలయం లేదు. దహన సంస్కారానికి వీలు లేదు. పనికోసం వచ్చి మరణించిన మనవారి దేహాలు కాగితాలు పూర్తయ్యేవరకు వారాల తరబడి శీతల గదిలో వేచి ఉండేవి. వారి మరణ పత్రాలపై ఎన్నోసార్లు సంతకం చేశాను. వారి ఇళ్లలో ఏ రోజున ఏడ్చారో, ఏ రోజున నిప్పు పెట్టారో నాకు తెలియదు.

మరుసటి ఏడాది భాద్రపద అమావాస్య వచ్చింది. మహాలయ పక్షానికి చివరి రోజు. తెలంగాణలో పెత్తరమాస అంటాము. ఆ సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మ. జిజాన్ నువ్వుల నూనెకు ప్రసిద్ధి. ఒంటె తిప్పే గానుగలు అక్కడ ఉండేవి. ఆ అంగడిలో గుప్పెడు నువ్వులు కొని, అమ్మకు ఫోను చేసి, నేనూ నువ్వులు నీళ్లు వదలవచ్చునా అని అడిగాను. "తమ్ముడు ఈడ బియ్యం ఇస్తున్నడు. నువ్వు ఆడ ఆకలైనోనికి ఇంత పెట్టు బిడ్డా" అన్నది. కర్ణుని కథ మీరు విని ఉంటారు: జీవితమంతా బంగారం దానమిచ్చిన వానికి పరలోకంలో బంగారమే వడ్డించారట, పితృదేవతల పేర అన్నం పెట్టడానికి పదిహేను రోజులు భూమికి తిరిగి వచ్చాడట. అమ్మకు ఆ కథ తెలుసునో లేదో నేను అడగలేదు.

నాన్నగారికి ప్రియమైన పచ్చిపులుసు, చామగడ్డల వేపుడు చేశాను. మా భవనం కావలివాడైన యెమెన్ వృద్ధునికి, ఆసుపత్రి వాహనం నడిపే కరీంనగర్ యువకునికి వడ్డించాను. కారణం చెప్పగానే ఆ యువకుడు ముద్ద ఆపి అన్నాడు: "మా దగ్గర ఇది దీపావళికి చేస్తం డాక్టరమ్మా. బొందలగడ్డకాడ. బొందలు సాపు చేసి, పూలు పెట్టి, దీపాలు ముట్టిస్తం. ఆళ్లకు ఏది ఇష్టమో అది వండి పెడ్తం. మూడు దీపావళ్లాయె, మా అవ్వకాడ దీపం పెట్టక."

కరీంనగర్ కార్ఖానాగడ్డ శ్మశానవాటికలో దళిత కుటుంబాలు దీపావళిని అట్లాగే జరుపుకుంటాయి. వరంగల్లులో పుట్టి, డాక్టరు చదువు చదివి, పొరుగు జిల్లాలో జరిగే ఆ పండుగను జిజాన్‌లో విన్నాను. సిగ్గుపడ్డాను. మీ తరానికి మన ఊళ్లు తెలియవని మేము నొచ్చుకుంటాము గాని, మాకు తెలిసినది మాత్రం ఎంత?

అమెరికా వచ్చిన తరువాత మా క్లినిక్‌లో పనిచేసే మెక్సికో నర్సు ఒక నవంబరులో తన ఇంటికి పిలిచింది. నవంబరు 1న పసిపిల్లల ఆత్మలు, 2న పెద్దల ఆత్మలు ఇంటికి వస్తాయని వారి నమ్మకం. బల్లమీద తల్లి ఫొటో, గ్లాసుతో నీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు, ఆ పండుగకే చేసే తీపి రొట్టె, ఆమె తల్లి తాగే కాఫీ. గుమ్మం నుంచి బల్లవరకు బంతిపూల రేకుల దారి. ఆ రంగును, వాసనను పట్టుకొని వారు దారి తప్పకుండా వస్తారట. స్పెయినువారి రాకకు ముందునుంచీ ఉన్న ఆచారాలు క్రైస్తవంతో కలిసి ఆ పండుగ ఏర్పడింది. 2008లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. మనము బతుకమ్మలో పేర్చే బంతి కూడా పుట్టుకకు మెక్సికో పువ్వే, సముద్రాలు దాటి మన పెరళ్లకు వచ్చినది. ఆ ఇంట నిలబడినప్పుడు నాకు జిజాన్‌లో ముద్ద ఆపిన ఆ యువకుడు గుర్తుకు వచ్చాడు.

ఆ నర్సు చిన్న కూతురు అమ్మమ్మను ఎన్నడూ చూడలేదు. కాని కాఫీలో చక్కెర ఎన్ని చెంచాలు వేయాలో ఆ పాపే చెప్పింది.

నన్ను ప్రశ్న అడిగిన ఆ అబ్బాయి ఈ సభలో ఉన్నాడు. నాయనా, మీ నానమ్మకు ఈ రాత్రే ఫోను చెయ్యి; అక్కడ తెల్లవారి ఉంటుంది. తాతయ్య ఏది ఇష్టంగా తినేవాడో, దేనికి అలిగేవాడో అడిగి రాసుకో. వచ్చే పెత్తరమాసకు మా ఇంట పచ్చిపులుసు, చామగడ్డల వేపుడు ఉంటాయి. మీ తాతయ్య వంటకం నీవు తీసుకొని రా.