మోటారుబండి ఊపిరి



గడచిన వరికోతల దినములలో మా ఇంటి కారునకు జబ్బు చేసినది. నిలిచియున్నప్పుడు ఇంజను వణకుచుండెను. యాక్సిలరేటరు త్రొక్కినచో క్షణకాలము తటపటాయించి పిమ్మట కదలుచుండెను. ఒకనాడు మా పెద్దమ్మను కంటి పరీక్షకై పట్టణమునకు తీసికొనిపోవుచు పెద్దరోడ్డు దాటబోవగా, బండి నడిమధ్య నిలిచిపోయినంత పని యైనది. ఎదుట లారీ! దాని డ్రైవరు బ్రేకు వేసి మమ్ము బ్రతికించినాడు. ఇల్లు చేరువఱకు పెద్దమ్మ పలుకలేదు. చేరిన పిమ్మట, "నాయనా, ఇకమీదట నేను బస్సులోనే పోయెదను" అనెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

పెట్రోలు చక్కగా మండుటకు, తూకమున, ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్లు గాలి కావలెను. లోనికెంత గాలి పోవుచున్నదో తెలిసినగాని ఎంత పెట్రోలు చిమ్మవలెనో బండిలోని కంప్యూటరు నిర్ణయింపజాలదు. అందుకై కొన్ని బండ్లలో ఫిల్టరు డబ్బా దాటినచోట ఒక సెన్సారు నమర్తురు. అందలి సన్నని ప్లాటినము తీగ విద్యుత్తుచే వేడియై యుండును. గాలి వీచినకొలది అది చల్లారును. వేడి తగ్గకుండ నిలుపుటకెంత కరెంటు పట్టెనో, దానినిబట్టి గాలి లెక్క తేలును. తీగపై దుమ్ము పేరినచో కంబళి కప్పుకొన్నట్లగును. వచ్చిన గాలి తక్కువయని కంప్యూటరు భ్రమించి పెట్రోలు తగ్గించును.

1980 దశకమున బాష్ కంపెనీవారి ఎల్.హెచ్. జెట్రానిక్ పద్ధతిలో, ఇంజను ఆపిన పిమ్మట తీగ క్షణకాలము ఎఱ్ఱగా కాలి తన మురికిని తానే పోగొట్టుకొనెడిది. మా బండికి ఆ భాగ్యము లేదు. పైగా ఫిల్టరు దులిపి, డబ్బా మూత సరిగా బిగింపనివాడను నేనే.

మెకానిక్కు క్రొత్తది వేయుమనెను. ముందు శుభ్రము చేసి చూతమనుకొంటిని. పూర్వమొక బండిలో ఇట్టిదానినే పుల్లకు గుడ్డచుట్టి తుడువబోయి తీగ తెంపితిని. కావున ఈమాఱు వ్రేలైనను తగులనీయలేదు.

ఇంజను చల్లారిన పిమ్మట, పొయ్యికిని బీడీలకును దూరముగా, ఆరుబయట పని మొదలిడితిని. బ్యాటరీ నెగటివు తీగ విప్పి, సెన్సారు ప్లగ్గును తీగలు పట్టి లాగక మొదలు పట్టి యూడదీసితిని. మఱలు నక్షత్రపు తలవి. మామూలు స్క్రూడ్రైవరుతో తల చెడును. ఈ సెన్సారుకొఱకే యమ్మెడు క్లీనరును అరజానెడు దూరమునుండి పదిపండ్రెండు మార్లు చిమ్మితిని. కిరసనాయిలు, బ్రేకు క్లీనరు, కార్బురేటరు క్లీనరు దీనికి పనికిరావు. నోటితో ఊదరాదు, పంక్చరు దుకాణపు గాలిగొట్టమును పెట్టరాదు. తనంత తానే ఆరవలెను. నేను గంటసేపుంచితిని. మరల బిగించునపుడు గాలిపోవు దిక్కును జూపు బాణపు గుర్తును, రబ్బరు వలయమును చూచుకొంటిని.

ఒక్కమాట. మన చిన్నకార్లు పెక్కింటిలో ఈ తీగయే యుండదు. గొట్టములోని గాలి ఒత్తిడిని కొలుచు వేఱొక సెన్సారుండును. బండితో నిచ్చిన పుస్తకము చూడక విప్పవలదు. శుభ్రపఱచినను జబ్బు పోకున్నచో గాలిగొట్టమునకు చీలిక యున్నదేమో చూడుడు.

మా బండి వణకు ఆనాడే తగ్గెను. ఒంటరిగా నాలుగుదినములు నడిపి చూచిన పిమ్మట పెద్దమ్మకు చెప్పితిని. ఆమె వచ్చి ముందు సీటులో కూర్చుండెను. పెద్దరోడ్డు దాటువఱకు మాత్రము తలుపు పిడి విడువలేదు.