నలువది తొమ్మిది దినములు

(బీచుపల్లిలో కుటుంబముల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంవత్సరములో చెప్పుకొనవలసిన సంగతులు చాల ఉన్నవి. తొలి సేవకులను గూర్చి, వారు కట్టిన ఆలయములను, బడులను గూర్చి మాట్లాడుటకు తగినవారు ఉన్నారు. మాకు అప్పగించిన అంశము వేసవిలో ఇంటి ఆనందము. పెద్ద సభలో చిన్న అంశమని మొదట అనుకొంటిమి. కాగితము తీసి లెక్క వేసి చూచినప్పుడు అంత చిన్నదిగా కనబడలేదు.

ఆ లెక్క మీతో చెప్పుదుము. 2025లో మన రాష్ట్రమునందు బడుల వేసవి సెలవులు ఏప్రిల్ 24 మొదలు జూన్ 11 వరకు ఇచ్చిరి. మొత్తము 49 దినములు. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల విద్య ఇప్పుడు ప్రతి తాలూకా మూలకు చేరినది. ఈ బీచుపల్లిలో నది దగ్గరనే గురుకుల పాఠశాల ఉన్నది. మన సంఘములలో పేదవాని బిడ్డ ఇంగ్లీషు చదివి ఉద్యోగమునకు ఎక్కుటకు ఆ బడులు నిచ్చెన వేసినవి. వాటిని మేము తక్కువ చేసి మాట్లాడము. అయితే ఐదవ తరగతిలో చేరిన పిల్ల ఇంటర్ ముగించుటకు ఎనిమిది ఏండ్లు పట్టును. ఏడాదికి 49 దినముల చొప్పున కూడండి, 392 దినములు వచ్చును. అనగా ఒక ఏడాది మీద ఇరువది ఏడు దినములు! పండుగ సెలవులు కొన్ని కలిపినను, పదేండ్ల ప్రాయము నుండి పదునెనిమిది ఏండ్ల ప్రాయము వరకు తల్లి దగ్గర ఆ బిడ్డ ఉండునది ఇంచుమించు అంతే. తక్కిన కాలమంతయు మంచము వేరొక చోట, కంచము వేరొక చోట, రాత్రి ప్రార్థన చెప్పించువారు వేరొకరు.

ఇక తండ్రి సంగతి. పాలమూరు కూలి అంటే ముంబయి, పూణె వరకు ఎరుగనివారు లేరు. జూరాల నీళ్లు, ఎత్తిపోతల కాలువలు వచ్చిన తరువాత వలస కొంత తగ్గినది, పూర్తిగా పోలేదు. మేస్త్రీ దగ్గర బయానా తీసికొని పోయినవారు వానాకాలపు దుక్కుల వేళకు ఊరు చేరుదురు. హాస్టలు నుండి బిడ్డ, పని నుండి తండ్రి, ఇద్దరును ఒకే కప్పు క్రింద పండుకొను కాలము అనేక గృహములలో ఈ ఎండకాలమొక్కటే.

రూతు గ్రంథము చదివినప్పుడెల్ల మనకు మన ఊరే జ్ఞాపకము వచ్చును. బేత్లెహేములో కరవు వచ్చి ఒక కుటుంబము మోయాబు దేశమునకు వలస పోయినది. నయోమి తిరిగి వచ్చినది యవల కోత ఆరంభమున. ఆ దేశములో యవల కోత ఏప్రిల్ ప్రాంతమున వచ్చును. మన పిల్లలు పెట్టెలు నెత్తిన పెట్టుకొని బస్సు దిగు కాలము కూడ అదియే. ఆ గ్రంథమునకు నాలుగే అధ్యాయములు. నాలుగు రాత్రులు వాకిట కూర్చుండి చదువుకొనవచ్చును. చదువు రాని అవ్వ ఇంట ఉన్న యెడల ఆమెకు కథ విడమరచి చెప్పమని పిల్లలకు అప్పగించండి. పిల్లలు చెప్పుచుండగా ఆమె నడుమ నడుమ అడుగు ప్రశ్నలు, వేదాంత కళాశాలలో మాకు పాఠము చెప్పినవారు కూడ అడుగలేదు. అత్తను విడువని కోడలి సంగతి అవ్వలకు మనకన్న బాగుగా తెలియును.

ఈ 49 దినములను ఎవరు తీసికొనుచున్నారని చూడవలెను. ట్యూషన్లు కొన్ని, పెండ్లిండ్లు కొన్ని, సెల్‌ఫోను చాల. ఈ మాట అందరు చెప్పుదురు గనుక మేము దానిమీద కాలము గడపము. తీసికొనువారిలో మనమును ఉన్నాము, అనగా సంఘము. మే నెలలో మహాసభలు, ఉజ్జీవ కూడికలు, యూత్ రిట్రీట్లు, స్త్రీల సభలు ఒకదాని వెంట ఒకటి పెట్టుదుము. సాయంత్రము ఆరింటికి మైకు మొదలైన తరువాత ఇంట ఎవరుందురు? తల్లి ఒక సభకు, కొడుకు ఒక సభకు, తండ్రి పందిరి గుంజలు మోయుటకు. ప్రభువు ఇంచుమించు ముప్పది ఏండ్ల ప్రాయము వరకు వడ్లవాని ఇంటనే ఉండి, అటు తరువాత గదా బోధింప మొదలుపెట్టెను! నజరేతు దినములను గూర్చి సువార్తలలో కొద్ది మాటలే ఉన్నందున అవి లెక్కలోనివి కావని మనము అనుకొనరాదు.

ఇంట ఉంటే ఏమి చేయుదురు, ఎండకు రేకుల గది పెనమువలె కాలుచుండును గదా అని అడుగువారున్నారు. నిజమే. రోళ్లు పగులు రోహిణి కార్తెలో మన ఇండ్లను స్వర్గమని వర్ణించుట మాకు చేతకాదు. తెల్లవారక ముందే కరవు పనికి పోయి, పదింటికి చెమటతో తిరిగి వచ్చు తల్లికి వేసవి ఆనందమను మాట వెక్కిరింపుగా తోచవచ్చును. అయినను ఆ తల్లి చెంబెడు చల్ల త్రాగి గోడకు ఆనుకొని కూర్చున్నప్పుడు, ప్రక్కన బిడ్డ చింతపండు గింజ తీయుచు హాస్టలు సంగతులు చెప్పును. ఆ మాటలు డిసెంబరులో దొరకవు.

మన వేసవి ఆనందములన్నియు ఇంచుమించు చేతి పనులే. విత్తనమునకు వేరుసెనగ కాయలు ఒలుచుట, తెచ్చిన మామిడికాయలు కోసి తొక్కు పెట్టుట, తాటి ముంజలకు తమ్ములు కొట్లాడుకొనుట, తాటాకుతో బూరలు, గిరకలు చేయుట. గద్వాల నేత ఇండ్లలో గుంట మగ్గము మీద నూలు చీరకు పట్టు అంచును పోగుకు పోగు పట్టించుచు నేయుదురు. దానిని కుప్పడమందురు. మగ్గము మీద ఒకరు, ప్రక్కన కండెలు చుట్టుచు ఒకరు, ఇల్లంతయు కలిస్తేనే చీర దిగును. నిర్గమకాండము 31వ అధ్యాయములో దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపెనని ఉన్నది. దేనికొరకు? ప్రసంగము చేయుటకు కాదు. బంగారు, వెండి, రాయి, కఱ్ఱ పనులు చేయుటకు. 35వ అధ్యాయము చివర చేరగా నేతపని, బుటాపని కూడ ఆ వరములలో చేరినవి. చేతిపని దేవుని ఆత్మ వరమని వ్రాసి ఉండగా, మన పిల్లలు మగ్గమును చూచి సిగ్గుపడుట ఎక్కడ నేర్చిరి?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. సరదాకు పది కండెలు చుట్టుట వేరు, కూలి లెక్కకు పొద్దంత కూర్చుండబెట్టుట వేరు. మన నడిగడ్డలో విత్తనపత్తి చేలకు పువ్వు దాటించుటకు ఆడపిల్లలను బడి మాన్పించి పంపిన ఏండ్లు మనము ఎరుగుదుము. అడ్వాన్సు తీసికొని సెలవుల చివర బిడ్డను ఆపివేయువారికి ఈ ప్రసంగములోని ఏ మాటయు ఆసరా కారాదు. పని ఆటగా ఉన్నంతవరకే మేము చెప్పు ఆనందము.

ఇక నది. బెంగుళూరు రోడ్డు మీద వంతెన దాటువారు, ఆంజనేయస్వామి గుడికి వచ్చు యాత్రికులు కృష్ణను వానాకాలములో చూచి చేతులెత్తుదురు. మనము వేసవిలో కూడ చూచుచున్నాము. నీరు బండల నడుమ మడుగులుగా నిలిచి, తక్కినదంతయు ఇసుకయు రాళ్లును. పొద్దున్నే పోతే ఇసుక చల్లగా ఉండును, మడుగు అంచున కొంగ ఒంటికాలి మీద నిలిచి ఉండును. ఆకాశపక్షులను చూడుమని ప్రభువు చెప్పినది అట్టి చోట కూర్చుండి చూచుటకే గాని పరీక్షలో వ్రాయుటకు కాదు. అయితే తండ్రులారా, పెద్దవారు వెంట లేకుండ ఒక్క పిల్లను కూడ ఏటికి పంపవద్దు. ఇసుక తీసిన గుంతలు పైకి కనబడవు, మోకాలి లోతని దిగినచోట రెండు నిలువుల లోతు ఉండును. పైన జూరాలలో నీరు వదలిన యెడల మడుగు ఏరగును. 2009 అక్టోబరులో ఈ నది ఎట్లు వచ్చెనో అలంపురము వైపు వారిని అడుగండి. వేసవిలో మునిగిన బిడ్డల భూస్థాపన కూడికలలో నిలువబడి వాక్యము చదివినవారము గనుక చెప్పుచున్నాము.

రాత్రి సంగతి చెప్పి ముగింపునకు వత్తుము. కరెంటు పోయిన రాత్రిని శాపమనుకొనవద్దు. మంచములు వాకిట వేసికొని, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో మీ అవ్వకు కంఠతా వచ్చినవి పాడుకొనండి. పురుషోత్తమ చౌదరిగారు 1890లో ప్రభువునొద్దకు చేరిరి, ఆయన పాటలు మాత్రము చదువు రాని తల్లుల నోట ఇంతవరకు నిలిచినవి. అవి పుస్తకము చూడకుండ వచ్చు తరము మన కండ్లముందే వెళ్లిపోవుచున్నది. తరువాత యోబు గ్రంథము 38వ అధ్యాయము తీయండి. కృత్తికను, మృగశీర్షమును, సప్తర్షులను గూర్చి దేవుడు యోబును ప్రశ్నించును. మే నెల రాత్రి ఉత్తర దిక్కున సప్తర్షులు కనబడుదురు. కృత్తిక మాత్రము ఎంత వెదకినను కనబడదు. ఎందుకని పిల్లలు అడుగుదురు. అప్పుడు తాతను చెప్పనీయండి: ఆ దినములలో సూర్యుడు కృత్తికలో ఉండును, ఆ కార్తె పేరే కృత్తిక కార్తె, సూర్యునితో కూడ అదియు అస్తమించును అని. బడికి పోని రైతు ఆకాశమును, బడికి పోయిన మనుమడు గ్రంథమును కలిపి చదువు రాత్రి అది.

సెలవుల బైబిలు బడి మానుమందురా అని కొందరు అడిగిరి. వద్దు. 1901లో రాబర్ట్ బోవిల్ అను బాప్టిస్టు సేవకుడు న్యూయార్కు వీధులలో వేసవిలో తిరుగుచున్న పేద పిల్లలను, వాడుక లేక మూసియున్న ఆలయములలోనికి పిలిచి ఆ పనిని విస్తరింపజేసెను. పాటలు, వాక్యముతో పాటు ఆటలు, చేతిపనులు కూడ నేర్పిరి. అది ఉదయపు బడి, మధ్యాహ్నమునకు పిల్ల ఇల్లు చేరును. మనము కూడ పది ఉదయములు తీసికొందము, ఎనిమిది నుండి పదకొండు వరకు. మిగిలిన ముప్పదితొమ్మిది దినములు ఇంటికి విడిచిపెట్టుదము. మే నెలలో ఆదివారము తప్ప సాయంత్రపు కూడికలు పెట్టరాదని మా పాస్టరేటులో కమిటీ ముందు అడిగియున్నాము. తోడి సేవకులలో కొందరికి ఇది రుచింపలేదు. కానుకలు తగ్గునని ఒకరనిరి. తగ్గవచ్చును.

జూన్ 12కు ముందు వచ్చు ఆదివారమున, పిల్లలు సెలవులలో తమ చేతులతో చేసినది ఏదైనను ఆలయమునకు తెండి. కోతపండుగకు తెచ్చినట్లే తెచ్చి బల్లయొద్ద పెట్టండి. తాటాకు గిరకయైనను సరే, అవ్వ చెప్పగా వ్రాసికొన్న పాటయైనను సరే, సీసాలో పోసిన మామిడి తొక్కైనను సరే. సగము చేసి విడిచినదైనను తెండి. తొక్కు సీసా మాత్రము ప్రార్థన ముగిసిన తరువాత తిరిగి తీసికొని పోండి, మరునాడు హాస్టలు పెట్టెలో పెట్టవలసి యుండును.