విమానం ఆగినా గడువు ఆగదు

కరోనా వైరస్ వ్యాప్తి వల్ల 2020 మార్చి 25న మన దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఆకాశం మాత్రం పూర్తిగా ఖాళీ కాలేదు. ‘లైఫ్‌లైన్ ఉడాన్’ పేరిట ఎయిర్ ఇండియా, అలయన్స్ ఎయిర్, వాయుసేన విమానాలు మందులు, పరీక్ష కిట్లు మోశాయి. రోడ్డు మార్గం కష్టమైన ఈశాన్య రాష్ట్రాలకూ, దీవులకూ అవే ఆధారమయ్యాయి.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. పైలట్‌కు లైసెన్సు ఒకసారి చేతికొస్తే సరిపోదు. వైద్య పరీక్షలు క్రమం తప్పకుండా జరగాలి. ఏడాదికి రెండుసార్లు నైపుణ్య పరీక్ష నెగ్గాలి, అది ఎక్కువగా సిమ్యులేటర్‌లోనే. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో కనీసం మూడుసార్లు టేకాఫ్, మూడుసార్లు ల్యాండింగ్ చేసి ఉండాలి. విమానాలే ఎగరనప్పుడు, శిక్షణ కేంద్రాలు మూతపడినప్పుడు ఇవన్నీ ఎలా కుదురుతాయి?

అందుకే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ గడువులను కొంతకాలం పొడిగించింది. వైరస్ సోకుతుందన్న భయంతో సిబ్బందికి ఊదించే మద్యం పరీక్షనూ నిలిపింది. అవసరమైన సడలింపే ఇది. కానీ చేతి అలవాటు తప్పితే దాన్ని ఏ ఉత్తర్వూ తిరిగి ఇవ్వలేదు. అందుకే పొడిగింపులు తాత్కాలికంగానే ఉండాలని గట్టిగా నమ్ముతాను.

తర్వాత విమానాలు మెల్లగా మళ్లీ ఎగిరాయి. మే 7 నుంచి ‘వందే భారత్’ విమానాలు విదేశాల్లో చిక్కుకున్నవారిని తీసుకొచ్చాయి. గల్ఫ్ నుంచి మన వలస కార్మికులెందరో అలాగే ఇల్లు చేరారు. మే 25న దేశీయ విమానాలు మళ్లీ మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, విశాఖపట్నాల నుంచి ఆ మరుసటి రోజు ఎగిరాయి.