ప్లగిన్‌ను పీకేసే ముందు



లినక్స్‌లో బ్రౌజర్ ప్లగిన్, అంటే యాడాన్, మొరాయిస్తే మనవాళ్లు మొదట చేసేది దాన్ని పీకేసి మళ్లీ ఎక్కించడం. ఆ పని చివరికి పెట్టుకోమంటాను. 2019 మే 4, శనివారం, మన గడియారంలో పొద్దున అయిదున్నర దాటింది. అప్పటి నుంచి ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ యాడాన్లు వరసగా ఆగిపోయాయి. జనాల కంప్యూటర్లలో ఏ దోషమూ లేదు. యాడాన్ల మీద మొజిల్లా వేసే డిజిటల్ సంతకానికి ఆధారమైన సర్టిఫికెట్ గడువు తీరిపోయింది, అంతే. ఓపిక పట్టినవాళ్లకు అవి తిరిగొచ్చాయి. కంగారుపడి తీసేసినవాళ్లకు సెట్టింగులు పోయాయి.

ఇదే తంటా మన ఇళ్లలోనూ వస్తుంది. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సంతకాలూ చెల్లకపోవచ్చు. కాబట్టి ముందు గడియారం చూడండి. తర్వాత ఫైర్‌ఫాక్స్‌ను సహాయం మెనూలోని ట్రబుల్‌షూట్ మోడ్‌లో తెరవండి. అక్కడ యాడాన్లన్నీ ఆగి ఉంటాయి. అయినా పేజీ తేడాగానే వస్తే తప్పు యాడాన్‌ది కాదు.

డిజిటల్ సంతకం టోకెన్లు వాడే ఆడిటర్ల ఇబ్బంది వేరు. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ ప్యాకేజీగానే వస్తోంది. అది కంచె లోపల నడుస్తుంది. ఆ టోకెన్ డ్రైవరేమో కంచె బయట ఉంటుంది. ఎన్నిసార్లు ఎక్కించినా రెండూ కలవకపోవచ్చు. మొజిల్లావారే ఇచ్చే డెబ్ ప్యాకేజీ వేసుకోండి.

కొన్ని యాడాన్లను మాత్రం ఎంత బాగుచేసినా లాభం లేదు. నాగార్జున వెన్న రాసిన ‘పద్మ’ మీలో కొందరికైనా గుర్తుండాలి. ఒకప్పుడు తెలుగు పత్రికలు తలా ఒక సొంత ఫాంటుతో వెబ్‌సైట్లు నడిపేవి. లినక్స్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లిషు అక్షరాలే. పద్మ వాటిని అక్కడికక్కడే యూనికోడ్ చేసి చూపేది. లినక్స్‌లో తెలుగు చదవడానికి అంతగా పనికొచ్చిన యాడాన్ మరొకటి లేదని నా అభిప్రాయం. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి యాడాన్లన్నిటినీ నిలిపేసింది. ఇప్పటి ఫైర్‌ఫాక్స్‌లో ఆ పాత ఫైలును ఎవరూ ఎక్కించలేరు.

అయితే దాని లోపలున్నది జావాస్క్రిప్టే. ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే పట్టికలు అందులోనే ఉన్నాయి. పులివెందుల జేఎన్‌టీయూ పిల్లలూ, ప్రొద్దుటూరు వైవీయూ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలూ, వాటిని కొత్త పద్ధతిలోకి తేవడం మీకు చేతనైన పనే. ముందు లైసెన్సు చదవండి. ఒక్క ఫాంటుతో మొదలుపెట్టండి. దాచుకున్న పాత పేజీలేమైనా మీ దగ్గరుంటే వాటిమీదే పరీక్షించండి. వత్తుల దగ్గర తప్పకుండా ఇరుక్కుంటారు.